బుచ్చవ్వ పూసిన కందెన

మా అత్త బుచ్చవ్వను తిట్టాలో, కాళ్లకు మొక్కాలో నాకు ఇప్పటికీ తేలడం లేదు. తిట్టడమైతే తిట్టాను. నా నోరు మంచిది కాదని షామీర్‌పేటలో మా పుట్టింటి వీధి మొత్తానికి తెలుసు. బడిలో నా దగ్గర సైన్సు చదువుకునే పిల్లలకు ఇంకా బాగా తెలుసు. కానీ ఈ సంగతిలో తిట్టు నోటిదాకా వచ్చి గొంతులోనే అడ్డం పడేది. మా ఆయన శ్రీనివాస్ రైలింజను డ్రైవరు. ఆయన ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని ఇంట్లో ఎవరికీ అన్నం సయించని రోజుల్లో, ఆ గండం తెచ్చిపెట్టింది ఆయన్ను కన్న తల్లేనని తెలిసింది. అదీ ప్రేమ కొద్దీ తెచ్చిపెట్టింది. ఇక కోపం ఎవరి మీద చూపించను చెప్పండి!

ముందు ఆమె బతుకు సంగతి చెప్పాలి. లేకపోతే ఆమె చేసింది పిచ్చిపనిలా కనిపిస్తుంది. నా అత్త పిచ్చిది కాదు.

బుచ్చవ్వ పుట్టింది షామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకునే ఇంట్లో. పెళ్లై వచ్చింది మేడ్చల్ పక్కన ఈ ఊరికి, ఎడ్లబండి ఉన్న ఇంటికి. మా మామ గాలయ్య ఆ బండి మీదే బతికాడు. ద్రాక్షతోటలున్న కాలంలో పళ్ల పెట్టెలు తోలాడు, తోటలు పోయాక ఇటుకలు, ఇసుక, పెళ్లిళ్ల సామాను, ఏది దొరికితే అది తోలాడు. తోలడం వరకే ఆయన పని. బండి బాగోగులన్నీ బుచ్చవ్వవి. ఆ ఇంట్లో కందెన వేయడం ఆడవాళ్ల వంతు. పొలం గట్టున పండిన ఆముదాలు దంచి, వండి, నూనె తీయాలి. అందులో కాల్చిన గడ్డి బూడిద కలిపి పాత చీర పీలికలు నానబెట్టాలి. చక్రాన్ని ఆమె గాను అంటుంది. ఇరుసు చివర శీల ఊడదీసి, గానును కాస్త బయటికి లాగి, ఆ సందులో నానిన పీలిక చుట్టి, మళ్లీ శీల దిగ్గొట్టేదాకా గాలయ్యను ఎడ్లు కట్టనిచ్చేది కాదట.

ఎండిన ఇరుసు మీద గాను తిరిగితే కీచుమని అరుస్తుంది. బండి అలా అరుచుకుంటూ ఊళ్లోకి వస్తే జనం బండివాణ్ణి ఏమీ అనరు. ఇంట్లో ఆడమనిషి లేదా అని అడుగుతారు. ఆ మాట ఒక్కనాడూ పడకుండా కాపురం చేశానని బుచ్చవ్వ నాకు ఎన్నిసార్లు చెప్పిందో! "మా బండి ఊళ్లెకు వస్తాంటె ఎడ్ల గజ్జెలే ఇనవడాలె, గాను ఇనవడొద్దు" అనేది. చదువు లేదు, నగలు లేవు. చెప్పుకోవడానికి ఆమెకు ఉన్న గొప్ప అదొక్కటే.

తర్వాత ఎడ్లు పోయాయి, బండి పోయింది, మామ కూడా పోయాడు. కొడుకు చదువుకుని రైల్వేలో చేరి, అసిస్టెంటుగా కొన్నేళ్లు పనిచేసి, గూడ్సు బండికి డ్రైవరయ్యాడు. మా ఇంటి వెనకే రైలు పట్టాలు వంపు తిరుగుతాయి. శ్రీనివాస్ మొదటిసారి తనే డ్రైవరుగా ఆ వంపులోంచి పోయిన రోజు బుచ్చవ్వ కంచె దగ్గర నిలబడి దండం పెట్టింది. బండి మొత్తం పోయేదాకా చూసి లోపలికి వచ్చి, మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. ఏమైందని అడిగాను.

"బండి ఏడుస్తాంది భవాని" అంది.

నేను నవ్వాను. ఎందుకు ఏడుస్తుందో నాకు తెలుసు మరి. మా పెళ్లిచూపుల్లోనే తెలిసింది. ఆ రోజు పెళ్లికొడుకుగారు టీ తాగేసి, రెండు పేపరు కప్పులు మూతికి మూతి కలిపి టేపు వేయమని మా చెల్లిని అడిగాడు. రెండు పొడవాటి స్కేళ్లను పక్కపక్కన ఏటవాలుగా పెట్టి, వాటి మీద ఆ కప్పుల జతను దొర్లించాడు. అది ఒక పక్కకు ఒరిగి, మళ్లీ తనంతట తనే నడిమికి వచ్చి, చక్కగా కిందికి దిగింది. రైలు చక్రాల జత ఇలాగే ఉంటుందన్నాడు. లోపలివైపు లావు, బయటివైపు సన్నం. జత పక్కకు జరిగితే ఒక చక్రం తన లావు మీద, రెండోది తన సన్నం మీద నడుస్తాయి. లావు మీద నడిచేది ఎక్కువ దూరం పోతుంది కాబట్టి జత తిరిగి నడిమికి వస్తుంది. వంపులో బయటి పట్టా పొడవు, లోపలిది పొట్టి. అక్కడా ఈ వాలే బండిని తిప్పుతుంది. పెళ్లికొడుకు ఏం మాట్లాడాడే అని చుట్టాలు అడిగితే, కప్పులు దొర్లించి పోయాడని మా చెల్లి వాడంతా టాంటాం వేసింది. నాకు మాత్రం మనిషి నచ్చాడు.

వాలు ఎంత ఉన్నా మా ఇంటి వెనక వంపుకు చాలదు. రైలు చక్రాలు రెండూ, నడుమ ఇరుసూ కలిసి ఒకే దిమ్మ. ఒకటి ఎంత తిరిగితే రెండోదీ అంతే తిరగాలి. వంపు బిగుతుగా ఉంటే లెక్క కుదరక చక్రం దొర్లుతూనే పట్టా మీద పక్కకు జారి గీసుకుంటుంది. ఆ అరుపు అదే. ప్రయాణికుల పెట్టెల కింద స్ప్రింగులు మెత్తన. వేగంలో చక్రాలు అటూ ఇటూ ఊగకుండా వాటి ఆకారాన్ని తరచూ చూసి చెక్కుతారు. కొత్త పెట్టెలకైతే బ్రేకు చక్రాన్ని తాకనే తాకదు, ఇరుసు మీదున్న పళ్లేలను పట్టుకుంటుంది. గూడ్సు వ్యాగను అలా కాదు. బిర్రబిగుసుకుని ఉంటుంది, సిమెంటో బొగ్గో నెత్తినేసుకుని ఉంటుంది, బ్రేకు దిమ్మ నేరుగా చక్రం మీదే రుద్దుకుని అది కాగుతూ అరుగుతూ ఉంటుంది. అందుకే లోకల్ బండి మా ఇంటి వెనక గొణుక్కుంటూ పోతే, గూడ్సు పీక పిసికినట్టు అరుస్తుంది. ఇదంతా ఆయన నాకు చెప్పాడు, నేను బడిలో పిల్లలకు చెప్పాను. బుచ్చవ్వకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. గానుల సంగతి ఆమెకు తెలియనిది ఏముంది అనుకున్నాం.

పట్టాలకు అవతల కొత్త కాలనీ వచ్చింది. కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ. బుచ్చవ్వ పెరట్లో పండిన తోటకూర, గోంగూర అక్కడికి తీసుకెళ్లి అమ్మేది. పార్వతీదేవిగారని ఒకావిడ, సరదా మనిషి, గోంగూర కట్టలు ఏరుకుంటూ ఆటపట్టించేది.

"ఏం బుచ్చమ్మా, మీ అబ్బాయి బండి పొద్దున్నే ఏడ్చుకుంటూ వెళ్లిందే! కాస్త ఊరుకోబెట్టకూడదూ?"

ఆవిడ నవ్వుతూ అన్న మాటే. మా అత్తకు మాత్రం మనసులో గుచ్చుకుంది. ఏ మాట పడకుండా బతికానని చెప్పుకునేదో, ఆ మాటే ముసలితనంలో వచ్చి మీద పడింది. ఆ వారమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నేను పట్టించుకోలేదు, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

వానాకాలం మొదలైన కొత్తలో, ఒక పొద్దున శ్రీనివాస్ వ్యాగన్లేమీ లేకుండా ఒంటి ఇంజను తీసుకుని మేడ్చల్ వైపు వస్తున్నాడు. వంపు దాటగానే రోడ్డు పట్టాలు దాటే చోట గేటు. గేటు తీసి ఉంటే దానికి ముందున్న సిగ్నల్ ఎర్రగా ఉంటుంది. ఎర్ర దీపం దాటడం డ్రైవర్లకు అన్నిటికన్నా పెద్ద నేరం. మనిషికి గీత కూడా పడకపోయినా సరే, ఉద్యోగం తీసేయవచ్చు. ఆ పొద్దున గేటు తీసి ఉంది. ఆయన వంపు లోపలే బ్రేకు వేశాడు. ఎన్నడూ లేనిది, ఇంజను ఆగలేదు. చక్రాలు బిగుసుకున్నాయి కానీ బండి జారుకుంటూ పోయింది, ఎర్ర దీపం దాటింది, గేటు వైపు వెళ్లింది. గేటు నడుమ కాలనీ పిల్లల స్కూలు వ్యాను ఉంది. వ్యాను డ్రైవరు ఇంజనును చూసి చేతులూ కాళ్లూ ఆడక అక్కడే ఆగిపోయాడట. ఇంజను రోడ్డుకు ఎడ్లబండి పొడవంత ఎడంలో నిలిచింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట నేను ఇప్పటికీ లోలోపల అనుకుంటూ ఉంటాను. శ్రీనివాస్ ఇంటికి వచ్చినప్పుడు చొక్కా మొత్తం చెమటకు తడిసి ఉంది. తాగాడేమోనని ఊదించారు, రక్తం తీశారు, ఏమీ లేదని తేలింది. అయినా ఇంజను ఎక్కకుండా ఆపేసి విచారణ పెట్టారు. ఊరికి ఆ మాత్రం చాలదా? తాగి నడిపిండంట అని కల్లు దుకాణం దగ్గర మొదలై మా గుమ్మం దాకా వచ్చింది. తాగినోళ్లే ఆ మాట అనడం నాకు మరీ మండింది. ఇద్దరితో పోట్లాడాను కూడా.

"నిజంగ జారింది భవాని. ఎవడో నూనె పోసినట్టు జారింది" అనేవాడు శ్రీనివాస్, మళ్లీ మళ్లీ. పక్కనున్న అసిస్టెంటు కూడా అదే చెప్పాడు. ఒక ఇంజన్లో ఉన్నవాళ్లు ఒకే మాట చెబుతారు కదా అన్నారు. ఇంజన్లో నమోదైంది చూస్తే, చక్రం జారి ఉండవచ్చు, బ్రేకు కాస్త ఆలస్యంగా వేసి ఉండవచ్చు కూడా. ఆ మధ్యాహ్నమే వాన కుండపోతగా కురిసింది కాబట్టి పట్టాల మీద చూద్దామన్నా ఏమీ మిగల్లేదు.

జారిందన్న మాట ఇంకొకరి మెడకు చుట్టుకుంది. ఆ వంపులో పట్టాలు చూసుకునే కుర్రాడు అన్వేష్. చక్రానికి లోపలివైపు ఉండే అంచు, వంపులో బయటి పట్టా పక్కకు ఒరుసుకుంటుంది. అది అరిగిపోకుండా పట్టా పక్క చెంపకు గ్రీజు పూయడం అతని పనుల్లో ఒకటి. పక్క చెంపకే పూయాలి. పట్టా నెత్తి మాత్రం పొడిగా ఉండాలి. అన్వేష్ గ్రీజు నెత్తికి అంటించాడేమోనని అతన్నీ పిలిపించారు. అంటే డ్రైవరు తప్పైనా కావాలి, అన్వేష్ తప్పైనా కావాలి. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోవాలి.

ఒక సాయంత్రం అన్వేష్ మా ఇంటికి వచ్చాడు. ఎండలో పట్టాల వెంట నడిచి వచ్చినప్పుడల్లా బుచ్చవ్వ అతనికి సల్ల పోసేది. ఆ రోజు గడప దాటి లోపలికి రాలేదు.

"అన్నా, నేను మీద పూయలే అన్నా. చిన్న పిల్లలున్నోన్ని, నా మీదికి తేకు అన్నా" అని ఏడ్చాడు.

"నువ్వు పూసినవని నేను అనలే అన్వేష్. జారిందని అన్న. అంతే" అన్నాడు శ్రీనివాస్. అన్వేష్ వెళ్లిపోయాక ఇద్దరం అన్నం ముందు కూర్చున్నాం. బుచ్చవ్వ పచ్చిపులుసు పోస్తూ, కొడుకును ఊరడిద్దామని కాబోలు, మెల్లగా మొదలుపెట్టింది.

"ఆ పిల్లగాన్ని ఎందుకు పరేషాన్ జేస్తున్నరు బిడ్డా? ఆడు పూసేదే ఇంత. పిసినారి పూత. పక్కకు పూస్తడు, మీదికి పూయనే పూయడు. దొంగపని. నేను పూసిన గాబట్టే నీ బండి ఏడుపు ఆగింది."

శ్రీనివాస్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నువ్వు ఏం పూసినవమ్మా?"

"కందెన. ఇంకేం పూస్త? గడ్డి కోయవోయి మొదలు జెర్రంత పూసి చూసిన. ఏడుపు తక్కువైంది. మర్నాడు వంపు పొడుగునా పూసిన, సీసెడు ఆముదం అయింది." ఆమె మొహంలో ఎన్నో రోజుల తర్వాత వెలుగు కనిపించింది. "నా కొడుకు బండి ఊళ్లెకెల్లి ఏడ్సుకుంట పోతాంటె నేను ఇనుకుంట కూసుంటనా? నీ బాపు బండి ఒక్కనాడన్న ఏడ్సిందా?"

"ఎక్కడ పూసినవ్?"

"మీదనే రా. గాను తిరిగేది మీదనే గదా!"

నాకు ఒళ్లు మండింది. ఏం అన్నానో వరసగా గుర్తులేదు. కొడుకు గొంతు కోశావన్నాను, ఎవరు చెప్పారు నీకు పట్టాల మీదికి పొమ్మని అన్నాను, ముసలిదానివి ఒక మూల కూర్చోలేవా అన్నాను. శ్రీనివాస్ ఆగమంటున్నా ఆగలేదు. బుచ్చవ్వ గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. తిట్లకు ఆమె బెదరలేదు. ఆమెకు అర్థం కాలేదు, అంతే. కందెన వేస్తే చెడిన బండి ఏదీ ఆమె బతుకులో లేదు.

"నేను ఏం తప్పు జేసిన్నో సక్కగ చెప్పు భవాని. తర్వాత తిట్టు" అంది.

ఆ మాటతో తిట్టడం ఆపాను. బడిలో పిల్లలకు చూపించడానికి నేను టేపు వేసుకున్న కప్పుల జతను సంచిలోంచి తీశాను. ఆమె ముందు కింద కూర్చున్నాను.

"మన బండికి ఇరుసు తిరగదు, గాను తిరుగుతది. అవునా అత్తమ్మా? రాపిడి ఇరుసు దగ్గర. అందుకే అక్కడ కందెన. దీనికి ఇరుసూ గాన్లూ కలిసే తిరుగుతయ్. ఇగో, కప్పుల లెక్క. దీని ఇరుసు కందెన వేరే డబ్బల ఉంటది, దాన్ని వాళ్లు చూసుకుంటరు. నువ్వు పూసిన చోటు అది గాదు."

ఆమె కప్పుల జతను చేతిలోకి తీసుకుని దొర్లించింది. రెండు చివరలూ కలిసి తిరగడం చూసింది.

"మన బండిని లాగేది ఎవరు?" అని అడిగాను.

"ఎడ్లు."

"ఆపేది?"

"ఎడ్లే. పగ్గం గుంజితె ఎడ్లు ఆగుతయ్, బండి ఆగుతది."

"ఇంజనుకు ఎడ్లు లేవు అత్తమ్మా. లాగేదీ చక్రమే, ఆపేదీ చక్రమే. అంత పెద్ద ఇంజను, ఒక్కో చక్రం పట్టాను పట్టుకునే చోటు రూపాయి బిళ్లంత కూడ ఉండదు. ఆ బిళ్లంత చోటు పొడిగా ఉంటేనే ఆగుతది. నువ్వు అక్కడ ఆముదం పూసినవ్."

బుచ్చవ్వ ఆ కప్పులను మళ్లీ ఒకసారి దొర్లించింది. "ఎడ్లు లేవు" అని తనలో తాను అనుకుంది. గాన్ల మనిషి కదా, మా బడిలో పిల్లల కంటే తొందరగా అర్థం చేసుకుంది. అర్థం కాకపోయినా బాగుండేదేమో!

"గా వ్యాన్ల పిల్లలున్నరా?"

"ఉన్నరు."

ఆమె కప్పులు కింద పెట్టి, గోడ పట్టుకుని లేచి, బయట అరుగు మీదికి వెళ్లిపోయింది.

మేమిద్దరం లోపల తన్నుకున్నంత పని చేశాం. నిజం చెప్పమన్నాను నేను. నువ్వు చేయని తప్పు నీ నెత్తిన ఎందుకు వేసుకుంటావన్నాను.

"పట్టాల మీద నూనె పోసుడంటె పోలీసు కేసు భవాని. జైలు. మా అమ్మను ఠాణాల కూసోబెట్టమంటవా?"

"మరి అన్వేష్?"

"అన్వేష్ మీదికి పోనియ్య. జారిందన్న మాటే వాపసు తీసుకుంట. బ్రేకు లేటుగ ఏసిన అంట. ఇగ ఎవరి మీదికీ పోదు."

"నీ ఉద్యోగం?"

ఇంజనంటే ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో నన్ను చూడటం మానేసి కప్పులు దొర్లించిన మనిషి. నాకు ఆయన మీద అంత కోపం ఎన్నడూ రాలేదు, అంత జాలీ ఎన్నడూ కలగలేదు. అరుగు మీదున్న బుచ్చవ్వ మా మాటలన్నీ విన్నది.

విచారణ రోజు శ్రీనివాస్ తొందరగా సికింద్రాబాద్ వెళ్లిపోయాడు. నేను బడికి బయలుదేరబోతుంటే బుచ్చవ్వ తల దువ్వుకుని, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, నా స్కూటీ పక్కన నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచి. అందులో ఆముదం సీసా, నల్లబడ్డ పీలిక.

"నన్ను గా ఆఫీసుకు తీస్కపో. జల్దీ పోవాలె."

తీసుకెళ్లకూడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని శ్రీనివాస్ ఒట్టు వేయించుకున్నాడు. కానీ నాకు నిజం బయటికి రావాలనే ఉంది. ఎక్కమన్నాను. పేట్ బషీరాబాద్ దగ్గర లారీల నడుమ ఇరుక్కున్నప్పుడు ఆమె నా నడుము గట్టిగా పట్టుకుంది.

విచారణ చేసే అధికారి పేరు చలపతిరావుగారు. తొందరపాటు లేని మనిషి. లోపల శ్రీనివాస్, అన్వేష్ ఇద్దరూ ఉన్నారు. మమ్మల్ని చూడగానే శ్రీనివాస్ మొహం పాలిపోయింది. బుచ్చవ్వ ఎవరి వైపూ చూడకుండా సంచిలోంచి సీసా, పీలిక తీసి బల్ల మీద పెట్టింది.

"సారూ, నా కొడుకు బ్రేకు మంచిగనే ఏసిండు. ఈ పిల్లగాడు గూడ ఏం జేయలే. పట్టా మీద ఆముదం పూసింది నేను. బండి ఏడుస్తాందని పూసిన. గీ బండికి ఎడ్లు లేవన్నది నాకు తెల్వదు. ఇగ తెలిసింది. నన్నే పట్టుకపోండ్రి."

చలపతిరావుగారు సీసా చేతిలోకి తీసుకుని వాసన చూశారు. ఆమె చేతులు చూశారు. తర్వాత శ్రీనివాస్ వైపు తిరిగారు.

"ఏమయ్యా, మీ అమ్మగారు చెప్పేది నిజమేనా?"

చెప్పు, చెప్పు అనుకుంటున్నాను. శ్రీనివాస్ నేల చూపులు చూస్తూ, చదువుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"లేదు సార్. మా అమ్మ పట్టాల దిక్కే పోదు. నా మీద ప్రేమతోని అబద్దం చెప్తాంది. పట్టా జారలే. బ్రేకు నేనే లేటుగ ఏసిన."

నేను నోరు తెరిచాను. శ్రీనివాస్ నా వైపు చూశాడు. ఊళ్లో అందరినీ కడిగిపారేసే నా నోరు ఆ గదిలో పనిచేయలేదు. నేను నిజం చెబితే ఆ ముసలిదాన్ని పోలీసులు తీసుకుపోతారు, చెప్పకపోతే నా మొగుడు మునుగుతాడు. అన్వేష్ ఏడుస్తున్నాడు.

"అమ్మా, పిల్లల కోసం తల్లి ఏమైనా చెబుతుంది. నేను కాదనను. మీరు ఇంటికి వెళ్లండి" అన్నారు చలపతిరావుగారు. సీసాకు మూత బిగించి, తనే సంచిలో పెట్టి ఆమె చేతికిచ్చారు. ఆయన నమ్మారో, నమ్మి కూడా నమ్మనట్టు ఊరుకున్నారో నాకు తెలియదు.

మెట్ల దగ్గర బుచ్చవ్వ కొడుకు చొక్కా పట్టుకుని ఆపింది.

"నేను అబద్దం ఆడిన్నా రా? ఇన్నేండ్ల బతుకుల నేను ఎవరికన్న అబద్దం జెప్పిన్నా? అందరి ముంగట నన్ను అబద్దాలదాన్ని జేసినవ్ గదరా!"

ఆ రోజు నుంచి ఆమె కొడుకుతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం లేదు. కోపమో, సిగ్గో, తన వల్ల అయిందన్న బాధో, అన్నీ కలిసి ఉన్నాయి. కాలనీకి ఆకుకూరలు తీసుకెళ్లడం మానేసింది. పార్వతీదేవిగారు ఒకసారి గుమ్మం దాకా వచ్చి గోంగూర లేదా అని అడిగితే, లోపలే కూర్చుని నాతో లేదని చెప్పించింది.

శ్రీనివాస్ ఉద్యోగం పూర్తిగా తీసేయలేదు. ఇంజను మీది నుంచి దించి షెడ్డులో పనికి వేశారు. ఇక ఎప్పటికీ బండి నడపడు. అక్కడ ఇంజన్లకు ఇసుక నింపుతాడు. పట్టా తడిసి చక్రం జారేటప్పుడు డ్రైవరు ఒక మీట నొక్కితే ఇంజన్లోంచి చక్రం ముందు ఇసుక రాలుతుంది. ఆ ఇసుక మీద చక్రానికి పట్టు దొరుకుతుంది. ఆ పొద్దున ఇంజను చివరికి వ్యానుకు ఇవతలే నిలిచింది కూడా ఆ ఇసుక మీదే. ఆ ఇసుక ఎండినదై ఉండాలి, జల్లించినదై ఉండాలి. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన తలలో, కనుబొమల్లో కూడా ఇసుకే. ఎందుకు ఇసుక అని బుచ్చవ్వ ఆయన్ను అడగలేదు. నన్ను అడిగింది. చెప్పాను.

ఊరు మాత్రం ఇంకా తాగి నడిపినవాడనే అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నిజం అరిచి చెప్పాలనిపిస్తుంది. అరవలేను.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కొత్త అలవాటు వచ్చింది. గూడ్సు వంపులో కీచుమని అరిస్తే బుచ్చవ్వ హాయిగా తన పని తాను చేసుకుంటుంది. ఆ అరుపంటే తలెత్తుకోలేకపోయిన మనిషి, ఇప్పుడు అది వినపడకపోతే ముద్ద మింగదు. వాన పడితే పట్టాలు తడిసి చక్రాలు అరవవు. అప్పుడు ఆమెను ఇంట్లో పట్టుకోవడం మా వల్ల కాదు. తడుచుకుంటూ కంచె దగ్గరికి పోయి నిలబడుతుంది. బండి గేటు దాటి పోయిందని కళ్లతో చూశాకే వస్తుంది.

మొన్న సాయంత్రం వాన గట్టిగా పడుతోంది. శ్రీనివాస్ అప్పుడే షెడ్డు నుంచి వచ్చాడు. వెనక గూడ్సు వస్తున్న చప్పుడైంది, అరుపు లేదు. బుచ్చవ్వ చేతిలో పని వదిలేసి బయటికి పరుగెత్తింది. నేను కేకలు వేస్తున్నాను, జ్వరం తెచ్చుకుంటావు అత్తమ్మా, నీకు ఎన్నిసార్లు చెప్పాలి అని. శ్రీనివాస్ గొడుగు తీసుకుని వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

ఇంజను వంపులోకి వచ్చింది. ఆవల సిగ్నల్ ఎర్రగా ఉంది. బుచ్చవ్వ కొడుకు చెయ్యి పట్టుకుంది. ఇన్ని నెలల్లో ఆమె ఆయనతో మాట్లాడింది అప్పుడే.

"ఆగుతదా బిడ్డా?"

"ఆగుతదమ్మా. ఇసుక నేనే నింపిన."

బండి మెల్లబడి సిగ్నల్ ఇవతలే నిలిచింది. దీపం పచ్చగా మారి, చివరి వ్యాగను గేటు దాటిపోయేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.